అరటిపండు లేని అరటివాసన

"మీ అక్కని ఇవాళ పదకొండింటికి చంపబోతున్నారు," అన్నాడు పెద్దాయన, ఫైలు టేబుల్ మీద విసిరికొట్టి.

ఏజెంట్ ముక్కుపొడి కుర్చీలోంచి దిగ్గున లేచాడు. పొడి పీల్చడం మానేసి ఎనిమిదేళ్లయినా డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు మాత్రం వదల్లేదు. మానేసిన దగ్గర్నుంచీ ముక్కు మహా చురుగ్గా పనిచేస్తోంది.

"ఎవరు సార్?"

"విదేశీ ముఠా. రేవులో వాళ్లు దాటించే పేలుడు మందుని మీ అక్క తేనెటీగలు వాసన పట్టేస్తున్నాయి. ఇవాళ డెమో సక్సెస్ అయితే ప్రతి రేవులోనూ అవే కాపలా. ముఠా దుకాణం బంద్."

"ఎలా చంపుతారు?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను, నీ మొహం చూడ్డానికా? డెమో దగ్గర అత్తరు కలుస్తుంది. లేటెస్ట్ సమాచారం తన దగ్గరుంది."

అత్తరు అంటే ముఠాలో కెమిస్టుగా ఉంటూ మనకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. మహా అందగత్తె. ఆవిడ ఎదురుపడితే మనవాడికి మాట తడబడుతుంది, అదీ సంగతి.

ఇక అక్క. తేనెటీగల పరిశోధన కేంద్రానికి హెడ్డు. రెండేళ్ల కిందట ఒక జ్వరం ఆవిడ వాసన శక్తిని పూర్తిగా తుడిచిపెట్టేసింది. అది చాలదన్నట్టు తేనెటీగ విషం పడదు, కుడితే గొంతు వాచిపోతుంది. జేబులో ఇంజెక్షన్ ఉంటుంది గానీ, అది ఒక కాటుకి. వంద కాట్లకి కాదు. అయినా ఆ పని మానిందా? ఆవిడ మొండితనం ముందు బండరాయి కూడా మెత్తనే.

వెయిటర్ వేషంలో కాఫీ ట్రాలీ తోసుకుంటూ వచ్చిన తమ్ముణ్ణి చూడగానే అక్క మండిపడింది.

"నీ దొంగవేషాలు నా ల్యాబ్‌కి తేవద్దని చెప్పానా లేదా?"

"అక్కా, ఈ ఒక్కరోజూ డెమో ఆపెయ్యవే. నీ ప్రాణానికే..."

"ఆపను. పో అవతలికి!"

కొక్కేనికున్న తెల్లకోటు తొడుక్కుని విసురుగా పచ్చికలోకి వెళ్లిపోయింది. అక్కడ అతిథులు, వాళ్లకి ఎదురుగా ముప్ఫై తేనెపెట్టెలు. పదకొండింటికి వాటి తలుపులు తీస్తారు.

అంతలో పక్కనే సిల్కు స్కార్ఫు, నల్లకళ్లద్దాలు, తెల్ల గ్లౌజులు ప్రత్యక్షమయ్యాయి.

"గాలి ఎటు?" అంది అత్తరు.

"ముక్కు ఎటుంటే అటు," అన్నాడతను. కోడ్ సరిపోయింది.

"స్నైపర్. వాటర్ ట్యాంక్ మీద. అట్టే టైము లేదు, పరిగెత్తు!"

రెండడుగులు పరిగెత్తి ఠక్కున ఆగాడు. బాగా మగ్గిన అరటిపండు వాసన! ట్రాలీ మీద కాఫీ తప్ప ఏమీ లేదు. వాసన ఆవిడ గ్లౌజుల నుంచి వస్తోంది.

అక్క ఎన్నిసార్లు చెప్పి ప్రాణం తీసిందో! తేనెటీగ కుట్టగానే దాని ముల్లు దగ్గర్నుంచి అచ్చం ఇదే వాసన లేస్తుంది. మిగతావి మీసాలతో దాన్ని పసిగట్టి అక్కడే కుడతాయి. ప్రతి కాటుతోనూ వాసన పెరుగుతుంది, ఇంకొన్ని వస్తాయి.

"అరటిపండు తిన్నావా?"

"ఛీ, నాకు పడదు. ఏం?"

ఆవిడకి నిజంగానే తెలియడం లేదు. వారం రోజులు ఆ అరటివాసన మందు కలిపిన ముక్కు మరి! ఒకే వాసన మధ్య అదేపనిగా ఉంటే మనిషి ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అక్క కోటుకి ఆ మందు పూసిన గ్లౌజులతోనే దర్జాగా వచ్చి నిలబడింది మహాతల్లి.

అతను ట్రాలీని ఆవిడ మీదికి తోసేసి పచ్చికలోకి దూకాడు. అప్పటికే పెట్టెల తలుపులు తెరుచుకున్నాయి. ఈగలు గుంపుగా లేచి ఒక్క మనిషి వైపే తిరిగాయి. అక్క కోటు పట్టుకుని బొత్తాలు తెగేలా లాగేశాడు.

"సిగ్గుందా నీకు!" అంటూ అందరి ముందూ చెంప ఛెళ్లుమనిపించింది.

కోటు చంకలో పెట్టుకుని ఆవిడకి దూరంగా పరుగు తీశాడు. గుంపంతా అతని వెంటే. మొహం మీద, మెడ మీద, చెవి మీద... "అయ్యబాబోయ్!" అన్నాడు, ట్రైనింగ్ అంతా మరిచిపోయి. తేనెపెట్టెలు చూసుకునే మేస్త్రీ పొగడబ్బాతో ఎదురొచ్చి మొహాన పొగ కొట్టాడు. పొగలో ఆ వాసన ఈగల మీసాలకి అందదు. గుంపు చెదిరింది.

చెదిరిన వాటిలో కొన్ని గ్లౌజుల్ని వెతుక్కుంటూ వెళ్లాయి. అత్తరు కార్లోకి దూరి తలుపేసుకుంది. ఈగలు ఆవిడకంటే ముందే లోపలున్నాయి. అర నిమిషంలో తనే తలుపు తీసుకుని, కేకలు పెడుతూ వచ్చి పోలీసుల చేతుల్లో పడింది.

అక్కకి ఒక్క కాటూ పడలేదు. కేంద్రం క్లినిక్‌లో తమ్ముణ్ణి కూర్చోబెట్టి, గ్లౌజులు తొడుక్కుని, చకచకా ముళ్లు గీకి తీస్తోంది. కళ్లలో నీళ్లు.

"నిన్ను అందరి ముందూ కొట్టాను కదరా..."

"పోన్లే అక్కా."

"అయినా నాకు వాసన తెలీదని ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదే. ముఠాకి ఎవడు చెప్పాడు?"

తమ్ముడు నేల చూశాడు. మూడు నెలల కిందట డిన్నర్లో అత్తరు ఎంత ముద్దుగా అడిగింది, మీ ఇంటి కబుర్లేమిటని!

"నేనే అక్కా."

తేనెటీగ ముల్లు ఎంత త్వరగా తీస్తే అంత తక్కువ విషం ఎక్కుతుందని ఊరందరికీ పాఠాలు చెప్పేది అక్కే. మిగిలిన తొమ్మిది ముళ్లూ మాత్రం, మధ్యలో కాఫీ తెప్పించుకుని తాగి, తీరిగ్గా తీసింది.