రెండు వైర్ల మీద హారతి

"పాడైన బ్యాటరీ తీసేసి చార్జర్ పెట్టానండి. అయినా ఆన్ అవ్వదేంటి?" అంది అశ్విని, తప్పంతా షాపువాడిదే అన్నట్టు.

"చార్జర్ ఒక్కటే చాలదండి. బ్యాటరీ లేకపోతే ఈ ఫోన్ లేవదు," అన్నాడు గంగాధర్.

బల్ల మీది పవర్ సప్లై నుంచి రెండు వైర్లు లాగి, బ్యాటరీ తగలాల్సిన చోట ఆనించాడు. స్క్రీన్ వెలిగింది.

పోయిన సంవత్సరం కాలం చేసిన అశ్విని వాళ్ళమ్మ పాడిన మంగళహారతి అందులో ఉంది.

"వేరే ఫోన్లోకి ఎక్కించి ఇస్తానండి."

"వద్దండి. అమ్మ చేత్తో పట్టుకున్న ఫోన్ ఇది. ఇందులోనే వినాలి."

ఆ మోడల్ బ్యాటరీ ధవళేశ్వరంలో ఎక్కడా లేదు. అందుకని ప్రతి శుక్రవారం ఆఫీసు వదిలాక ఆమె షాపుకి వచ్చేది. అతను వైర్లు జారిపోకుండా వేళ్ళతో నొక్కి పట్టుకునేవాడు. పాట అయ్యేదాకా ఇద్దరూ కళ్ళు మూసుకునేవారు. గంగాధర్ మాత్రం మధ్యలో ఒకసారి తెరిచేవాడు. ఇది అపచారమా స్వామీ అని మనసులోనే అడిగేవాడు. మళ్ళీ మూసుకునేవాడు.

మిగతా రోజుల్లో షట్టర్ దించి గదికి వెళ్ళి, ఒక్కడికే అన్నం వండుకునేవాడు. కుక్కర్ కూత తప్ప ఆ గదిలో మరో గొంతు లేదు.

శ్రావణంలో విజయవాడ డీలర్ ఎలాగో వెతికి బ్యాటరీ పంపాడు. ఇస్తే ఆమె ఇక రాదు. ఇవ్వకపోతే తల్లి గొంతును దాచేసుకున్నట్టే.

ఆ శుక్రవారం జోరువాన. పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. ఫోన్ ఆరిపోయింది.

ఆ మసక చీకట్లో, మిగిలిన సగం అశ్విని పాడింది.

"ఇంట్లో పాడితే వినేవాళ్ళు లేరండి," అంది.

గంగాధర్ సొరుగు లాగాడు. "ఇదిగోండి బ్యాటరీ. ఇక కరెంటు పోయినా అమ్మగారి పాట ఆగదు. మీరు ఇంత దూరం... రానక్కర్లేదు."

ఆమె అందుకోలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి అచ్చం అలాంటిదే బ్యాటరీ తీసి పక్కన పెట్టింది. కవరు కూడా విప్పలేదు.

"రాజమండ్రిలో ఆషాఢంలోనే దొరికిందండి."

"మరి చెప్పలేదేంటండీ?"

"పాట మధ్యలో కళ్ళు తెరిచి చూస్తారు కదా, ఎందుకని నేనడిగానా?"

కరెంటు వచ్చింది. గంగాధర్ ఇంకా నోరు తెరిచే ఉన్నాడు.

"అలా చూస్తారేంటి? వైర్లు పెట్టండి. అమ్మ పాట పూర్తి కాలేదు."

ఈసారి ఒక వైరు ఆమె పట్టుకుంది.