చదవని పూచీ

మూడువందల పన్నెండో రాతను హిమజ వెనక్కి పంపింది. పిఠాపురం రోడ్డులోని హోటల్లో సాంబారు నిన్నటిదని ఎవరో రాశారు. ఆ సంగతి ఎలా తెలిసిందో కూడా రాయమని పక్కన చేర్చి, తరువాతిది తెరిచింది.

సామర్లకోటలోని ఆ పూచీశాలలో నలభై మంది పొద్దంతా చదువుతూనే ఉంటారు. అచ్చయిన ప్రతి మాటకూ పత్రిక జవాబుదారీ అయినట్టే, తనలో కనిపించే ప్రతి మాటకూ ఇంటర్నెట్ వేదిక జవాబుదారీ అని చట్టం వచ్చి ఆరేళ్లయింది. అప్పటినుంచి ఎవరి రాతైనా ఒక మనిషి చదివి పూచీపలక మీద వేలు ఆనిస్తేనే లోకానికి కనిపిస్తుంది. ఆ మనిషి పేరూ ఊరూ రాత కిందే ఉంటాయి.

చట్టానికి ముందునాటి రాతలకు గడువు ఆ సాయంత్రం అయిదింటితో సరి. రాసినవాళ్లే పూచీ పడాలి. వాళ్లు పోయివుంటే తోడబుట్టినవాళ్లయినా పడవచ్చు. ఎవరూ పడకపోతే అవి చెరిగిపోతాయి.

"మీ తమ్ముడివి అయిపోయాయాండీ?" పక్క కుర్చీలోంచి ఝాన్సీ అడిగింది.

"ఇంకా ఉన్నాయి."

"ఎన్నున్నాయండీ?"

"తొమ్మిదొందల దాకా."

ఝాన్సీ కుర్చీ ఇటు తిప్పింది. "ఇక్కడ రోజుకి మూడొందలు నమిలేస్తారు. ఇంటికెళ్లి ఏం చేశారండీ ఇన్నాళ్లూ?"

"రోజుకొకటి చదివాను."

తమ్ముడు నిశాంత్ జ్వరంతో పోయి పద్నాలుగు నెలలు. ఆ రాతలు చదవడం అయిపోతే అతను కొత్తగా చెప్పేదేమీ ఉండదు. అది ఝాన్సీకి చెప్పడం హిమజకు చేతకాలేదు. "మిగిలినవి చదవకుండానే ముద్రేసేస్తాను," అంది.

"చదవకుండా ముద్రేస్తే నన్ను మీరే తిడతారు కదా," అంది ఝాన్సీ.

"తిడతాను. కానీ వాడేం రాసుంటాడు ఝాన్సీ? క్రికెట్టు, బిర్యానీ. అంతే."

నాలుగూ నలభైకి ఆమె మిగిలినవాటన్నిటికీ కలిపి ఒక్కసారి వేలు ఆనించింది.

నాలుగో రోజు పొద్దున్న ఒక పెద్దాయన ఇంటికి వచ్చాడు. చెప్పులు మెట్టు మీదే వదిలాడు.

"హిమజ గారంటే మీరేనాండీ? నా పేరు సూరిబాబండి. పెద్దాపురంలో నాకు పాలకేంద్రం ఉండేదండి."

మడత విప్పి కాగితం ఇచ్చాడు. తొమ్మిదేళ్ల కిందటి రాత. 'సూరిబాబు పాలల్లో యూరియా కలుపుతున్నాడు. పిల్లలకి పట్టకండి. అందరికీ పంపండి.' పైన నిశాంత్ పేరు. కింద ఆమె పేరు.

హిమజ రెండుసార్లు చదివింది.

"పరీక్ష చేస్తే ఏమీ లేదని తేలిందండి. ఆపాటికే కేంద్రం తగలబెట్టేశారు. మా ఆవిడ పోయేదాకా ఆ ఊరి బజారు తొక్కలేదు."

"కేసు వేస్తారా?" అని అడిగింది.

"కేసెందుకండి. ఎవర్ని అడగాలో తెలీక తొమ్మిదేళ్లు తిరిగాను. ఆ వేదికోళ్లని అడిగితే మాకు సంబంధం లేదన్నారు. రాసినాయన ఎక్కడుంటాడో కనుక్కునేసరికి పోయాడన్నారు. ఇప్పుడు మీ పేరు కనపడింది. ఎందుకు రాశాడండి?"

"తెలియదు."

"మరి పూచీ పడ్డారు కదండి."

ఆ మాటలో వెటకారం లేదు. హిమజ ఆయన్ని లోపలికి రమ్మని కుర్చీ వేసింది. పలక తెచ్చి ఆ నెల రాతలు తెరిచింది. కారణం ఎక్కడైనా ఉండాలి. ఎవరో చెప్పి ఉంటారు, ఎవరి బిడ్డకో వాంతులై ఉంటాయి, తరువాతైనా తప్పు తెలుసుకుని ఉంటాడు. ముందు రోజుది చదివింది. కొత్త బూట్ల ఫొటో.

"మా కేంద్రం కాలింది ఆ పాల రాత వచ్చిన మర్నాడండి. సాయంత్రం," అన్నాడు సూరిబాబు.

ఆమె ఆ రోజుది తెరిచి, ఆగి, పైకే చదివింది.

"వాన పడి మ్యాచ్ ఆగిపోయింది. దరిద్రపు వాన."



"ఆ వానకే మా మంట ఆరిందండి," అన్నాడు సూరిబాబు.

లేవలేదు. తరువాతిది కూడా చదవమన్నట్టు కూర్చున్నాడు.