బోల్టులు బిగిసే ఉన్నాయి

ఉదయం ఆరున్నరకే రేనో లాహ్తి మోటార్‌హోమ్ కింద దూరాడు. బయటికి రెండు కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక కాలికి మేజోడు ఉంది, రెండోదానికి లేదు.

"రెండో మేజోడేదీ?" అంది ఎల్మా, కాఫీ కప్పులతో మెట్ల మీద నిలబడి.

"దొరకలేదు."

"వెతికావా?"

"వెతికితే దొరికేది కదా!" అని బండి కిందనుంచి జవాబు వచ్చింది.

ఎల్మా నవ్వుకుంటూ ఎదుటి కుర్చీలో కూర్చున్న కూతురికి కాఫీ, ఏలకుల రొట్టె అందించింది. "చూశావా కారిన్? డెబ్బై అయిదేళ్ళొచ్చాయి. రోజురోజుకీ చిన్నపిల్లాడైపోతున్నాడు."

వాళ్ళ ఊరు ఎవెలెత్‌లో ఆ బండిని ఎరగనివాళ్ళు లేరు. 1972 నాటిది. బస్సంత పొడుగు, లోపల పొయ్యి, రెండు పడకలు, భోజనాల బల్ల. ఇనుప గని లారీల షెడ్డులో మెకానిక్‌గా పనిచేసిన రేనో దాన్ని పాతదిగా కొని, కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు. ఇప్పుడు శనివారం నాడు హాంకాక్‌లో ఎల్మా అక్క ఇంపి ఎనభయ్యో పుట్టినరోజు. సరస్సు ఒడ్డు వెంబడే ఒక రోజు ప్రయాణం. కారులో హాయిగా వెళ్ళొచ్చు కదా అని అందరూ అన్నారు. "ఇంపి ఈ బండినే అడిగింది" అని రేనో పట్టుబట్టాడు.

అందుకే ఎల్మా రహస్యంగా మినియాపొలిస్‌లో ఉన్న కారిన్‌కి ఫోన్ చేసింది. "మీ నాన్న బండి కిందికి దూరడమైతే దూరతాడు గానీ లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరోజు ముందే వచ్చెయ్ తల్లీ" అంది. కారిన్ సెలవు పెట్టి వచ్చింది. వాళ్ళతో హాంకాక్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి బస్సెక్కి వెనక్కి పోవాలన్నది ఆమె ఆలోచన. పదహారో ఏట దిగిన తర్వాత ఆమె ఆ బండి ఎక్కడం ఇదే మొదటిసారి.

కాఫీ అయ్యాక కారిన్ కూడా పాత చొక్కా వేసుకుని తండ్రి పక్కకి దూరింది. పాతబండిలో బోల్టులు దారి కుదుపులకి వాటంతటవే వదులైపోతాయి. ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తితో తట్టి వినాలి. బిగువుగా ఉన్నది మోగుతుంది, వదులైంది మోగదు.

"ఇదెలా ఉంది?" అన్నాడు రేనో తడుతూ.

"గంటలా మోగింది."

"ఇదీ?"

"దీనికి జలుబు చేసినట్టుంది నాన్నా."

రేనో పకపకా నవ్వాడు. పానా పెట్టి ఆ నట్టును ముప్పావు చుట్టు తిప్పి, మళ్ళీ వదులైతే తెలిసేలా నట్టు మీదా బోల్టు మీదా కలిపి తెల్లరంగుతో గీత గీశాడు. "నీ చెవులు మీ అమ్మవి. నాకు నలభై ఏళ్ళ సర్వీసులో రాని విద్య నీకు పుట్టుకతో వచ్చింది" అన్నాడు.

తండ్రి నోట తనకి మెప్పు! కారిన్ చటుక్కున మొహం తిప్పుకుంది. స్ప్రింగు కట్టలు, ఇంజను కింది దిమ్మలు, చక్రాల నట్లు, వెనక నిచ్చెన అన్నీ పదింటికల్లా అయిపోయాయి. పొగగొట్టం పట్టీ బోల్టు ఒక్కటి మరలు అరిగిపోయి బిగుసుకోనంది.

"బజారుకెళ్ళి కొత్తది తెస్తాను" అన్నాడు రేనో కూతురి భుజం పట్టుకుని లేస్తూ.

"నువ్వొచ్చేలోపు నేను లోపలివి చూసేస్తా."

"వద్దు!"

ఆ మాట అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. రేనో కళ్ళు దించుకున్నాడు. "లోపలివి నేను చూసుకుంటాలే. నువ్వు పోయి మీ అమ్మ దగ్గర కూర్చో" అని పికప్ ఎక్కి వెళ్ళిపోయాడు.

కారిన్ అక్కడే నిలబడిపోయింది. ఇన్నేళ్ళయినా నాన్నకి తన మీద నమ్మకం రాలేదన్నమాట! పొద్దుట్నుంచీ ఉన్న సంతోషమంతా ఒక్క మాటతో ఆవిరైపోయింది.

1998 ఆగస్టులో జరిగిందది. ప్రయాణానికి ముందు లోపలి బోల్టులు చూసే పని రేనో పదహారేళ్ళ కారిన్‌కి అప్పగించాడు. ఆ పిల్ల పొద్దంతా కూర్చుని అన్నీ బిగించింది. మర్నాడు గతుకుల దారిలో, బల్ల మీది పైఅల్మారా డబ్బాలతో, ఇనుప మూకుళ్ళతో సహా ఊడి ఎల్మా ఎడమచెయ్యి మీద పడింది. ఎల్మా ఇరవై ఏళ్ళుగా చర్చిలో ఆర్గన్ వాయించేది. రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు. ఆసుపత్రి వరండాలో, నలుగురి ముందు, రేనో కూతురితో అన్నాడు: "నాలుగు బోల్టులు. నాలుగంటే నాలుగు. అవి బిగించడం కూడా చేతకాలేదా నీకు?"

బిగించానని కారిన్ ఏడ్చింది. ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్ళకి తనని తనే నమ్మడం మానేసింది.

ఈ రోజైనా చూసి తీరాలనుకుంది. పానా తీసుకుని బండెక్కింది. పైఅల్మారా బోల్టులు మూడు బిగువుగా ఉన్నాయి. నాలుగోది మాత్రం తిప్పినకొద్దీ ఊరికే తిరుగుతోంది. లోపల ఏదో అరిగిందని, కింది ప్లైవుడ్ పలక మరలన్నీ విప్పి పక్కకి తీసింది.

గోడ లోపల పాత కర్ర ఒకటి బొగ్గులా నల్లబడి సగానికి కోసేసి ఉంది. దాని పక్కన కొత్త కర్ర బిగించి ఉంది. ఆ కర్ర మీద పెన్సిల్‌తో తండ్రి చేతిరాత. ఏది బాగుచేసినా దాని మీద తేదీ వేసి, చేసిన పనేమిటో రాసిపెట్టడం రేనోకి షెడ్డులో పడిన అలవాటు.

"11 అక్టోబరు 1998. పైకప్పు కారి కర్ర కుళ్ళింది. కొత్తది వేశాను. పాత బోల్టులు నాలుగూ కుళ్ళిన ముక్కలో బిగిసే ఉన్నాయి."

కారిన్ దాన్ని మూడుసార్లు చదివింది. తర్వాత బల్ల దగ్గర కూర్చుంది. పికప్ వచ్చి ఆగిన చప్పుడు వినిపించినా లేవలేదు.

రేనో తలుపు దగ్గరే ఆగిపోయాడు. విప్పిన పలక వైపు చూశాడు. చేతిలోని కొత్త బోల్టు పొట్లం గట్టు మీద పెట్టాడు.

"నీకు తెలుసు" అంది కారిన్.

అతను కర్ర మీది రాతనుంచి చూపు తిప్పుకున్నాడు.

"రెండు నెలలకే తెలిసింది నీకు. నేనింకా ఇంట్లోనే ఉన్నాను. పక్కగదిలోనే పడుకుంటున్నాను. లేపి చెప్పడానికి ఎన్ని అడుగులు నాన్నా?"

"చెబుదామనే అనుకున్నాను తల్లీ. నవంబరు పండక్కి చెబుదామనుకున్నాను. తర్వాత క్రిస్మస్‌కి. ఆ తర్వాత నువ్వు చదువుకి వెళ్ళిపోయావు. ఇంక... ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతావు కదా, దానికేం జవాబు చెప్పాలో తెలియలేదు."

"ఆ చదువేమైందో తెలుసా నీకు? నర్సింగ్ రెండో ఏడాదిలో ఎందుకు మానేశానో ఎప్పుడైనా అడిగావా?"

"కష్టంగా ఉందన్నావు..."

"కష్టం కాదు! క్లాసులో అందరికన్నా ముందుండేదాన్ని. కానీ సూదిలో మందెక్కించి నాలుగుసార్లు చూసుకునేదాన్ని. అయిదోసారి చూసుకునేదాన్ని. రోగి నొప్పితో అరుస్తుంటే చెయ్యి ముందుకి వెళ్ళేది కాదు. నాలుగు బోల్టులు బిగించలేని మనిషిని, నా చేతిలో మనిషి ప్రాణం పెడతారేమిటి అనిపించేది. అందుకని మానేసి లైబ్రరీలో చేరాను. పుస్తకాలు తప్పుచోట పెడితే ఎవరూ చావరు కదా!"

రేనో గోడకి ఆనుకున్నాడు. నిలబడటానికి అదొక్కటే ఆసరా అన్నట్టుగా.

అరుపులు విని ఎల్మా వచ్చింది. "ఏమిటర్రా ఇది, వీధంతా వినిపిస్తుంటే?" అంటూ ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయింది. "ఏమైంది?"

కారిన్ చెప్పలేదు. "నువ్వే చెప్పు" అంది తండ్రితో.

రేనో చెప్పాడు. తలెత్తకుండా చెప్పాడు. ఆ వసంతంలో బల్ల మీద నీళ్ళు కారుతున్నాయని ఎల్మా రెండుసార్లు చెప్పింది. అతను పైన ఇంత తారు పులిమి, బాగుచేశానని చెప్పాడు. లోపల చూడలేదు. చూసి ఉంటే కర్ర కుళ్ళిందని అప్పుడే తెలిసేది. "పిల్ల తప్పేం లేదు ఎల్మా. నీ చెయ్యి పోవడానికి కారణం నేను. నీ మొహం చూసి ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయింది నాకు."

ఎల్మా మెల్లగా కూతురి ఎదురుగా కూర్చుంది. భర్తవైపు చూడలేదు.

"నిన్ను క్షమించానని ఉత్తరం రాశాను నీకు" అంది. "హాస్టల్‌కి వెళ్ళిన ఏడాది. గుర్తుందా?"

"దాచుకున్నానమ్మా."

"ఎంత గొప్పదాన్నో అనుకున్నాను. చెయ్యి పోగొట్టిన పిల్లని కూడా క్షమించిన తల్లినని పొంగిపోయాను. నీ తప్పేమీ లేదన్న మాట ఒక్కసారి... ఒక్కసారైనా నేనెందుకనలేదే? బిగించానమ్మా అని నువ్వు నా మంచం పట్టుకుని ఏడిస్తే, పడుకో తల్లీ అన్నాను గానీ, నమ్ముతున్నానని అనలేదు. నువ్వు నన్ను క్షమించాలి కారిన్."

తల్లీ కూతుళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఏడ్చారు. రేనో అక్కడ నిలబడలేక, దిగి వెళ్ళలేక, అలాగే ఉండిపోయాడు.

చాలాసేపటికి ఎల్మా కళ్ళు తుడుచుకుని లేచింది. "రేనో! నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో నిన్ను నేను ఇది చెయ్యమని ఎన్నడూ ఆజ్ఞాపించలేదు. ఇప్పుడు ఆజ్ఞాపిస్తున్నాను. ఈ పిల్లని నలుగురి ముందు అన్నావు. ఇంపి వాళ్ళకీ చెప్పావు, చర్చిలోనూ చెప్పావు. ప్రతి పెళ్ళిలోనూ, 'కారిన్, నీ కుర్చీ బిగించుకున్నావా?' అని నీ తమ్ముడు వేళాకోళం చేస్తాడు, అందరూ నవ్వుతారు. ఇది నవ్వుతున్నట్టు నటిస్తుంది. శనివారం అందరూ అక్కడుంటారు. నోరు విప్పి నువ్వే చెప్పాలి."

"చెబుతాను" అన్నాడు రేనో.

"నా కోసం చెప్పొద్దు" అంది కారిన్ కఠినంగా. "చెప్పాలనిపిస్తేనే చెప్పు." ఆ పూట ఆమె తండ్రితో మరి మాట్లాడలేదు. కానీ ఊరికి తిరిగిపోనూ లేదు. అరిగిన నాలుగో బోల్టు తనే మార్చింది.

మర్నాడు బయలుదేరారు. దారి పొడుగునా కుడిపక్కన అడవి, ఎడమపక్కన నీలంగా సరస్సు.

శనివారం మధ్యాహ్నం ఇంపి ఇంటి పెరట్లో ముప్ఫైమంది దాకా చేరారు. కేకు కోశారు. ఇంపి ఊపిరి చాలక ముగ్గురు మనవలు కలిసి కొవ్వొత్తులు ఊదారు. అప్పుడు రేనో లేచి నిలబడ్డాడు. పాట పాడతాడేమోనని కొందరు చప్పట్లు కొట్టారు.

"ఇంపీ, నీ పండుగ పూట పాడుచేస్తున్నాను, మన్నించు" అన్నాడు. "అందరూ ఒకచోట మళ్ళీ ఎప్పుడు దొరుకుతారో తెలియదు. ఎల్మా చెయ్యి పోవడానికి కారిన్ కారణమని మీ అందరికీ చెప్పాను. అది అబద్ధం. పిల్ల బోల్టులు సరిగానే బిగించింది. కర్ర కుళ్ళింది. కుళ్ళనిచ్చింది నేను. ఆ సంగతి తెలిసి కూడా ఇరవై ఆరేళ్ళు నోరు మూసుకున్నాను. మీరిన్నాళ్ళూ నవ్వాల్సింది నా కూతుర్ని చూసి కాదు. నవ్వితే నన్ను చూసి నవ్వాలి."

వేళాకోళం చేసే రేనో తమ్ముడు కేకు పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు. రేనో నెమ్మదిగా నడుచుకుంటూ ఇంటి ముందుకి వెళ్ళిపోయాడు.

కాసేపటికి కారిన్ వెళ్ళింది. అతను రోడ్డు వైపు మెట్ల మీద, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. కారిన్ ఒక మెట్టు కింద కూర్చుంది.

"నీ చదువు నేను తిరిగి తెచ్చివ్వలేను" అన్నాడు.

"ఇవ్వలేవు."

"క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

"అడక్కు నాన్నా. నేనింకా అంతదూరం రాలేదు." అంది కారిన్. "కానీ రేపు బస్సెక్కను. మీతో బండిలోనే ఎవెలెత్ వస్తాను. నేను అడుగుతూ ఉంటాను, నువ్వు చెబుతూ ఉండాలి. గుర్తులేదనకూడదు. తప్పించుకోకూడదు."

"అడుగు. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే అడుగు."

కారిన్ అడగవలసినవి ఎన్నో ఉన్నాయి. అన్నిటికన్నా కిందనున్నది పైకి వచ్చింది.

"ఆ అక్టోబరులో, ఆ కర్ర మీద అలా రాసి ఇంట్లోకి వచ్చావు కదా. ఆ సాయంత్రం నేను నీ పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. ఉప్పు అందించమంటే అందించాను. అప్పుడు నన్ను చూస్తే నీకేమనిపించింది నాన్నా?"

రేనో కళ్ళు మూసుకున్నాడు. ముడతల మధ్యనుంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు.

"నువ్వు తలెత్తకుండా తింటున్నావు" అని మొదలుపెట్టాడు.