గేట్‌వే మీద గురి

“మావయ్యా, గేట్‌వే రీస్టార్ట్ చెయ్య...”

అంతే. ఆ వెంటనే ఏదో బరువైనది కూలిన చప్పుడు. పెద్దాయన రికార్డర్ ఆపాడు.

ముంగిస కుర్చీలో ముందుకు వంగింది. డిపార్ట్‌మెంటులో ఆమె అసలు పేరు తెలిసినవాడు చీఫ్ ఒక్కడే. ఆయన్ను అందరూ పెద్దాయన అంటారు. ఆమెను అందరూ ముంగిస అంటారు. త్రాచు ముఠావాళ్ళు కూడా అలాగే అంటారు, కాకపోతే గొంతు తగ్గించి.

“ఎవరితను?”

“కాన్ఫరెన్స్ టవర్‌లో నెట్‌వర్క్ ఇంజనీరు. నిన్న స్టోర్‌రూములో ఇనుప ర్యాక్ తన మీద కూలి చనిపోయాడు. ర్యాక్ దానంతటది పడలేదు. ఫోనెత్తింది కంట్రోల్ రూమ్ ఇన్‌ఛార్జి. ఇతనికి సొంత మేనమామ.”

“ఇంతకీ రీస్టార్ట్ చెయ్యమన్నాడా, చెయ్యొద్దన్నాడా?”

“మన భాషతో వచ్చిన చిక్కే అది. ఔనో కాదో మాట చివరగ్గానీ తేలదు. ఆ చివరిదాకా అతన్ని బతకనివ్వలేదు.”

పెద్దాయన టవర్ మ్యాప్ పరిచాడు. కాసేపట్లో ఆ టవర్ హాల్లో రెండు దేశాల నాయకులు యుద్ధ విరమణ మీద సంతకాలు చేస్తారు. యుద్ధం ఆగితే రెండు వైపులా ఆయుధాలమ్మే త్రాచు ముఠా దుకాణం మూసుకోవాల్సిందే. నిన్నటి నుంచి ఆ టవర్‌లోని లాగిన్ గేట్‌వే లోడ్ తట్టుకోలేక మూలుగుతోంది. అతిథుల ఫోనైనా, లాప్‌టాప్ అయినా దానికి పేరు చెప్పుకునే నెట్‌వర్క్‌లోకి వెళ్ళాలి. అదే నెట్‌వర్క్ మీద టవర్ తలుపులు, లిఫ్టులు, మంటలార్పే గ్యాస్ కూడా నడుస్తాయి.

“తలుపులు బిగించి ఆ గ్యాస్ వదిలితే?”

“మంటల్నే కాదు, మనుషుల్నీ ఆర్పేస్తుంది.” పెద్దాయన చిన్న లిప్‌స్టిక్ ఆమె చేతిలో పెట్టాడు. “రేడియో తరంగాలు పుట్టే వస్తువు వైపు తిప్పితే మొన ఎర్రబడుతుంది. పెదాలకు మాత్రం రాసుకోకు, బొబ్బలెక్కుతాయి. లోపల మనవాడొకడున్నాడు. కోడ్ పేరు సంపంగి. చీఫ్ ఇంటర్‌ప్రెటర్ వేషం. ముఠాలో చేరి మనకు కబుర్లు చేరవేస్తున్నాడు. ఈ ఫోన్ సంగతి మాత్రం వాడికి కూడా చెప్పలేదు. తెలిసింది నీకు, నాకు, ఆ మేనమామకు.”

“ఇంకొకడికి కూడా,” అంటూ ముంగిస లేచింది. “ఫోన్ మాట్లాడుతుండగా చంపినవాడికి.”

సర్వీస్ ఇంజనీర్ జాకెట్, దళసరి కళ్ళజోడు, భుజాన టూల్ బ్యాగ్. ఆ వేషంలో ఆమె కంట్రోల్ రూమ్ చేరేసరికి గుమ్మం దగ్గర ఒకడు నిలబడి ఉన్నాడు. నలగని సూటు, మెడలో హెడ్‌ఫోన్స్. వాడు నవ్వితే రిసెప్షన్‌లో అమ్మాయిలు అడక్కుండానే తాళాలిచ్చేస్తారని డిపార్ట్‌మెంటులో చెప్పుకుంటారు.

“జాకెట్ ఉతికిందేనా?” అన్నాడు.

“ఉతికిందే. ఇంకా ఆరలేదు.”

కోడ్ సరిపోయింది. సంపంగి తలుపు తీసి పట్టుకున్నాడు.

లోపల ఇన్‌ఛార్జి స్క్రీన్ ముందు కూలబడి ఉన్నాడు. భారీ మనిషి. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“చూడు తల్లీ, గేట్‌వే సీపీయూ మీద లోడ్ తొంభై శాతం దాటింది,” అన్నాడు. ఆమె ఎవరో పెద్దాయన అతనికి ముందే చెప్పి ఉంచాడు. సంపంగి కాఫీ తెస్తానంటూ బయటికి వెళ్ళగానే గొంతు తగ్గించాడు. “మా అక్కకు ఇంకా మొహం చూపించలేదు. వాణ్ణి ఈ ఉద్యోగంలో పెట్టించింది నేనే. రీస్టార్ట్ చెయ్యమని చెప్పబోయాడనిపిస్తోంది. ఆ ఒక్క మాటైనా దక్కించాలి కదా.”

“ఒక్క నిమిషం చూడనివ్వండి బాబాయ్.”

ముంగిస కీబోర్డు లాక్కుంది. ముందు, సీపీయూను తినేస్తున్నదేమిటో చూసింది. లోపలికి వెళ్ళినవాళ్ళ ట్రాఫిక్ కాదు. లాగిన్ పేజీ. లాగిన్ అయినవాళ్ళు కొద్దిమందే. కానివి మాత్రం గుంపులు గుంపులుగా గుమ్మం మీద పడుతున్నాయి. గేట్‌వే ప్రతిదానికీ లాగిన్ పేజీ చూపిస్తోంది. అవి దాన్ని చూడనైనా చూడకుండా మళ్ళీ అడుగుతున్నాయి. పేరడిగితే చెప్పవు, తలుపు కొట్టడం మానవు.

“వీళ్ళు మనుషులు కాదు బాబాయ్. మనిషైతే రెండోసారికే విసుక్కుని పోతాడు. ఇవి యంత్రాలు. వీటి అడ్రసులన్నీ ఒకే కంపెనీ తయారీవి, అన్నీ హాల్లోంచే వస్తున్నాయి.”

“హాల్లోకి ఫోన్లు కూడా రానివ్వలేదే. అందరికీ చెవిలో అనువాదం వినడానికి హెడ్‌ఫోన్స్ ఇచ్చారంతే. అవి కంటికి కనబడని వెలుతురు మీద పనిచేస్తాయి. రేడియో ఉండదు.”

అప్పుడే సంపంగి కాఫీ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముంగిస లిప్‌స్టిక్ తీసి, సంపంగి వైపు తిరిగి మూత విప్పింది. మొన ఎర్రబడింది. గోడ వైపు తిరిగితే వెలిసిపోయింది. మళ్ళీ వాడి వైపు తిరిగింది. వాడి మెడలోని హెడ్‌ఫోన్స్‌కు ఎదురుగా మొన నిప్పులా మండింది.

ఆమె మూత పెట్టి లిప్‌స్టిక్ జేబులో వేసుకుంది. మొహం ఏమాత్రం మారనివ్వలేదు.

“రీస్టార్ట్ చేస్తే పోయేదానికి ఇంత పరిశోధన ఎందుకండీ?” అన్నాడు సంపంగి. “హాల్లో నాయకులు కూర్చున్నారు.”

“రీస్టార్ట్ చేస్తే ఏమవుతుంది బాబాయ్?”

“మళ్ళీ లేచేదాకా బైపాస్ తెరుచుకుంటుంది. అతిథులకు ఇంటర్నెట్ ఆగకూడదని అలా పెట్టారు. అంతసేపూ అడిగే నాథుడుండడు, ఎవరైనా లోపలికి పోవచ్చు.”

ముంగిసకు అంతా అర్థమైంది. హాల్లోని హెడ్‌ఫోన్స్‌లో దాచిన రేడియోలతో గేట్‌వేకు ఊపిరాడకుండా చేస్తే విసిగిపోయి మనమే రీస్టార్ట్ చేస్తాం. లేదా అదే చచ్చి ఊరుకుంటుంది. ఎలాగైనా బైపాస్ తెరుచుకుంటుంది. ఆ సందులో ముఠా యంత్రం దూరి తలుపులు బిగించి గ్యాస్ వదులుతుంది.

లోడ్ తొంభై ఎనిమిది. ఇన్‌ఛార్జి వేలు రీస్టార్ట్ బటన్ మీదికి పోయింది.

“నొక్కండి సార్,” సంపంగి గొంతు తేనెలా ఉంది. “మీ మేనల్లుడు ఆఖరిగా అడిగిందీ అదేగా.”

“ఆగండి బాబాయ్,” అంది ముంగిస. “ఆ ఫోన్ సంగతి ఈయనకు మీరు చెప్పారా?”

ఇన్‌ఛార్జి వేలు గాలిలో ఆగిపోయింది. అతను మెల్లగా తల తిప్పాడు. “లేదు తల్లీ. మీవాళ్ళకు తప్ప నేనెవరికీ చెప్పలేదు.”

సంపంగి మొహాన నవ్వు చెదరలేదు. చేతిలోకి మాత్రం సైలెన్సర్ బిగించిన పిస్టల్ వచ్చింది.

“ఆ కుర్రాడూ ఇంతే. చక్కగా ఇంటికి పోకుండా హెడ్‌ఫోన్స్ విప్పి చూశాడు. ఇద్దరూ పక్కకు జరగండి. గేట్‌వే స్విచ్ నేనే ఆపుకుంటాను.”

వాడు గేట్‌వే ఉన్న ర్యాక్ వైపు అడుగేశాడు. ముంగిస కాఫీ కప్పు వాడి మొహం మీదికి విసిరింది. తూటా సీలింగులో దిగింది. రెండో తూటా పేలేలోపు ఇన్‌ఛార్జి తన బరువంతా వాడి మీద వేసి నేలకు అదిమేశాడు. పిస్టల్ బల్ల కిందికి జారిపోయింది.

“నువ్వు నీ పని చూడమ్మా,” అన్నాడు పళ్ళ బిగువున. “వీణ్ణి నాకొదిలెయ్.”

తొంభై తొమ్మిది. ముంగిస నొక్కిన ఒక్కో అక్షరం ఆలస్యంగా స్క్రీన్ మీదికి వస్తోంది. ఒక్కోదాన్నీ ఆపే వ్యవధి లేదు. ఆ తయారీ అడ్రసులన్నిటికీ కలిపి ఒకే ఆజ్ఞ రాసింది: జవాబివ్వకు, పేజీ చూపించకు, వచ్చింది వచ్చినట్టే పారెయ్.

ఎంటర్.

స్క్రీన్ బిగుసుకుపోయింది. అంకె వంద చూపించి అక్కడే నిలిచింది. ర్యాక్ మీద బైపాస్ దీపం పసుపుపచ్చగా ఒకసారి వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. ముంగిస కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. చెయ్యగలిగింది ఇంకేమీ లేదు.

అంకె కదిలింది. తొంభై. అరవై. పదిహేను.

బైపాస్ దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

సెక్యూరిటీవాళ్ళు వచ్చి సంపంగిని ఇన్‌ఛార్జి కిందినుంచి లాగాల్సివచ్చింది. అతను లేచి చొక్కా సర్దుకున్నాడు.

“చెయ్యకండి అనబోయాడమ్మా వాడు.”

“అవును బాబాయ్. మీరు చెయ్యలేదుగా.”

“అక్క దగ్గరికి పోతాను,” అని అతను చెప్పులు వేసుకున్నాడు.

ముంగిస టూల్ బ్యాగ్ సర్దుకుంటుండగా పెద్దాయన ఫోన్ చేశాడు.

“సంతకాలయిపోయాయి. అనుకున్న టైముకంటే ముందే.”

“ముందే ఎలా సార్?”

“ఇంటర్‌ప్రెటర్ చేతులకు బేడీలు పడ్డాయి. హెడ్‌ఫోన్స్ మనవాళ్ళు పట్టుకుపోయారు. ఒకరి ప్రసంగం ఇంకొకరికి ఒక్క ముక్క అర్థం కాలేదు. దాంతో పోట్లాడుకునే వీలు లేకుండా పోయింది.”