తూర్పుకు తిరిగి నిలబడండి

బొరుగులతో చేసిన ఉగ్గాని చల్లారిపోతోంది. పక్కనే మిరపకాయ బజ్జీలు మెత్తబడుతున్నాయి. గోవిందయ్య మాత్రం పళ్లెం చుట్టూ తిరుగుతూ, కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి, కెమెరాను రెండు చేతులతో ముందుకు చాచి పట్టుకుని ఊపిరి బిగించి నిలబడ్డాడు. రాజ్యలక్ష్మమ్మ గరిటె పట్టుకుని వంటింటి గడపలో నిలబడి మొగుణ్ణి చూసింది.

"తినేదానికి చేసినానా, దానికి పెండ్లిచూపులు పెడతాండారా?"

"ఉండే. నీడ పడతాండాది, పక్కకు జరుగు."

బెంగుళూరులో ఉద్యోగం చేసే ఆమె తమ్ముడు రాఘవేంద్రప్రసాద్ ఆ డిజిటల్ కెమెరాను తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. అది బావ చేతిలోకి ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. అప్పటి నుంచి కర్నూలులోని ఆ ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా తల దువ్వుకున్నది లేదు. స్టీలు సామాన్ల అంగడి నుంచి సాయంత్రం ఇంటికి రాగానే గోవిందయ్య అందరినీ మిద్దె మీదకు పిలుస్తాడు. "తూర్పుకు తిరిగి నిలబడండి" అంటాడు. శుభకార్యానికి పీట వేసినా, కొత్త లెక్క మొదలుపెట్టినా తూర్పు ముఖమే కదా, ఫోటో మాత్రం ఎందుకు కాకూడదని ఆయన వాదన. సాయంత్రం పొద్దు పడమట దిగుతుంటే జనం తూర్పుకు తిరిగి నిలబడేవారు. వెనక ఆకాశం ధగధగా మెరిసేది, ముందర ముఖాలు బొగ్గుల్లా వచ్చేవి. తలలు తెగిన వాళ్ల సంగతి సరేసరి.

తప్పు ఎప్పుడూ ఆయనది కాదు. బ్యాటరీ మంచిది కాదు, ప్రింటు వేసేవాడికి చేతకాదు, లేదా నిలబడ్డవాళ్లు కదిలారు.

ఇదంతా నవ్వుకుని వదిలేసే సంగతే, వెంకటేశ్వరమ్మ ఫోటో రానంత వరకు.

వెంకటేశ్వరమ్మ రాజ్యలక్ష్మమ్మ తల్లి. నందికొట్కూరు నుంచి వచ్చి కూతురి దగ్గరే ఉంటోంది. ఎప్పుడో మంత్రాలయంలో ఆమె పెనిమిటి సరదాపడి ఫోటో దిగాడు. ఇంటికొచ్చి జ్వరంతో పడుకుని మళ్లీ లేవలేదు. ఫోటో ఆయుష్షు తాగుతుందని ఆమె మనసులో ముద్ర పడిపోయింది. ఆ తర్వాత కెమెరా కనబడితే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. కొత్త ఇంటి గృహప్రవేశం నాడు కూతురు గడ్డం పట్టుకుని బతిమాలితే, ఒకే ఒకసారి అని ఒప్పుకుంది.

ఆ సాయంత్రం అల్లుడు ఆమెను తూర్పుకు తిప్పి నిలబెట్టాడు. ఏ మంచి పనికైనా తూర్పుకే తిరగాలని ఆమెకూ గట్టి పట్టింపు. ప్రింటు వచ్చింది. తెల్లచీర అంచు ఉంది, వెనక ఎర్రటి ఆకాశం ఉంది, ముఖం ఉండాల్సిన చోట నల్లటి ముద్ద ఉంది. పక్కింటి సిద్దమ్మ చూసి, "అయ్యో, ముఖమే లేదే" అనేసింది. రెండు కళ్లలో శుక్లాలు ముదిరిన ముసలామెకు ఇంకేమీ తెలియకపోయినా ఆ నలుపు మాత్రం తెలిసింది. ఫోటోను బోర్లించి పక్కన పెట్టింది.

ఈ రోజు కంటి ఆపరేషన్‌కు డాక్టరు రమ్మన్న రోజు. ఆమె మంచం దిగలేదు.

"యాడికీ రాను" అంది కూతురు ఎంత పిలిచినా. "నా ముఖంలో చీకటి పడిందని దేవుడు ముందే చూపిచ్చినాడు. కత్తి పెట్టించుకుంటే ఆ ఉండే మసక చూపు కూడా పోతాది. నన్ను ఇడిసిపెట్టండి."

రాజ్యలక్ష్మమ్మ గదిలోంచి వచ్చేసరికి గోవిందయ్య బజ్జీని దగ్గర నుంచి తీస్తున్నాడు. ఆమె కెమెరాకు, బజ్జీకి నడుమ చెయ్యి అడ్డం పెట్టింది.

"మా అమ్మ రానంటాంది. మీరు పోయి, ఆ ఫోటో నల్లగొచ్చింది నా చేతకానితనం వల్లేనని ఒక్క మాట చెప్పండి."

"నేనెందుకు చెప్పల్ల? ప్రింటు వేసినోడు ముంచినాడు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్లుండాది మీ కథ. అల్లుడన్నాక అత్త ముందర తల వంచితే ఏం కొంపలు మునుగుతాయి? ఆమెకు కండ్లు పోతాండాయి, మీకు బజ్జీలు కావాల్నా?"

అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటున్న కూతురు ఉదయశ్రీ ముందుకొచ్చింది. డిగ్రీ చదువుతున్న ఆ పిల్ల ఈ మధ్య కాలేజీ నుంచి వస్తూ నెట్ సెంటరులో కూర్చుంటోంది.

"ప్రింటు తప్పు కాదు నాయనా. పొద్దు అవ్వ వీపు వెనక ఉండాది. వెలుగు ముఖం మీద పడల్ల. నెట్‌లో ఫోటోలు తీసేవాళ్లంతా ఒక చోట చేరి ఒకరి ఫోటో ఒకరు చూసి బాగోగులు చెప్పుకుంటారు. అవ్వ ఫోటో ఆడ పెట్టినా. అందరూ అదే చెప్పినారు."

గోవిందయ్య చేతిలో కెమెరా కిందకు దిగింది.

"నేను తీసిన ఫోటో ఊరూ పేరూ తెలీనోళ్ల ముందర పెట్టినావా? నా అంగడికొచ్చే గిరాకీలు చూస్తే ఏమనుకుంటారు? నవ్వినారా?"

"నవ్వినారు. ఒకాయన మసిగుడ్డ ఆరేసినట్లుందని రాసినాడు. ఒకామె, కెమెరా పట్టుకునే ముందు కండ్లు తెరవమని రాసింది."

"చూసినావా నీ కూతురి నిర్వాకం" అని భార్య వైపు తిరిగాడు. "కన్నతండ్రిని పదిమందితో తిట్టించింది."

"నిన్ను కాదు." ఉదయశ్రీ ఇంకో అడుగు ముందుకు వేసింది. "నా పేరుతో పెట్టినా. నేనే తీసినా, ఎట్ల బాగుచేసుకోవాలో చెప్పండి అని అడిగినా. ఆ తిట్లన్నీ నాకే వచ్చినాయి. దగ్గరికి పొయ్యి తీయమన్నారు, తల పైన కొంచెం జాగా ఇడవమన్నారు, చెయ్యి కదలకుండా గోడకు ఆనుకోమన్నారు. అన్నీ నేర్చుకోనొచ్చి నీకు చెప్పబోతే, నాకు తెలుసులే పో అంటావు. చివర్లో ఒక పెద్దాయన, ఈ అవ్వ ముఖం చూడాలని ఉందమ్మా, మళ్లీ తీసి పెట్టు అని రాసినాడు. నేనేమని చెప్పేది?"

ఆమె ఏడ్చేసింది. గోవిందయ్య కెమెరాను బల్ల మీద పెట్టి, ఉగ్గాని ముట్టకుండానే అంగడికి వెళ్లిపోయాడు. ఆపరేషన్ రోజు అట్లాగే జారిపోయింది. రాజ్యలక్ష్మమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసి, కోపమంతా గిన్నెల మీద చూపిస్తూ మధ్యాహ్నం దాకా తోమింది.

సాయంత్రం ఆయన తొందరగా ఇంటికొచ్చాడు. కెమెరా తీసుకుని, "రామ్మా" అని కూతుర్ని మిద్దె మీదకు పిలిచాడు. అలవాటు కొద్దీ ఆమె తూర్పుకు తిరిగి నిలబడింది. ఆయన నొక్కి తెర మీద చూసుకున్నాడు. నల్లటి ముద్ద.

"ఇప్పుడు పడమటికి తిరుగు" అన్నాడు, ఆ మాట అనడానికి కొంత కష్టపడి.

ఆమె తిరిగింది. ఈయన ఇటువైపుకొచ్చి, పిట్టగోడకు మోచేతులు ఆనించి నొక్కాడు. తెర మీద కూతురు కనబడింది. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ, పొద్దుటి నుంచి ఏడ్చి ఉబ్బిన కళ్లు, అన్నీ కనబడ్డాయి. ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లను నిలబెట్టి తీశాడే గాని, ఒక్కసారైనా వాళ్ల ముఖం వైపు చూశాడా అని ఆయనకే అనుమానం వచ్చింది. సిగ్గు వేసింది.

"శానా ఏడిపిచ్చినా కదమ్మా" అన్నాడు. ఉదయశ్రీ దగ్గరకొచ్చి తండ్రి భుజం మీద తల ఆనించి తెర వైపు చూసింది. ఆ తర్వాత, "అవ్వ పడమటికి తిరగనంటాది నాయనా" అంది.

"పొద్దునే తీస్తే తూర్పుకే తిరగొచ్చు కదా. పొద్దు ఎదురుగా ఉంటాది."

తూర్పూ తప్పు కాదు, అత్త నమ్మకమూ తప్పు కాదు. ఇన్నాళ్లూ ఆయన గడియారం వైపు చూడలేదు, అంతే.

మర్నాడు పొద్దున వెంకటేశ్వరమ్మ వీధి అరుగు మీద కాఫీ తాగుతుంటే అల్లుడు వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు. అల్లుడు తన కంటే కింద కూర్చోవడం చూసి ఆమె గాబరాగా లేవబోయింది.

"కూర్చో అత్తా. ఆ దినం నీ ముఖం నల్లగొచ్చింది దేవుడి వల్ల కాదు. పొద్దు నీ వెనక ఉండాది, నేను చూసుకోలే. తప్పు నాది. నా మాట మీద నమ్మకముంటే ఇంకొక్కసారి తీస్తా."

వాకిలి వెనక రాజ్యలక్ష్మమ్మ చేతిలో చీపురు అట్లాగే ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆ నోట "తప్పు నాది" అనే మాట ఆమె విని ఉండలేదు.

ముసలామె కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. "ఏమప్పా, అల్లుడే తప్పు ఒప్పుకుంటాంటే నేను మొండికేస్తే బాగుంటాదా?" అని నవ్వింది. ఉదయశ్రీ చెప్పినట్లు ఆయన ఇంకాస్త దగ్గరకు జరిగాడు. ఎండ ముఖం మీద పడుతుండగా, ఆ నవ్వు పోకముందే నొక్కాడు.

అంగడి తీయకముందే వెళ్లి ప్రింటు వేయించుకొచ్చాడు. వెంకటేశ్వరమ్మ దాన్ని కళ్ల దగ్గరకు, దూరంగా, మళ్లీ దగ్గరకు పెట్టుకుని చూసింది.

"నాకు మబ్బుగానే ఉండాది."

గోవిందయ్య ముఖం వాడిపోయింది.

"ఫోటో తేటగా ఉండాది అవ్వా. మబ్బు నీ కండ్లలో ఉండాది" అంది ఉదయశ్రీ.

ముసలామె కూతురి వైపు చెయ్యి చాచింది. "రాజ్యం, నువ్వు చెప్పు. యెట్లుండా నేను?"

రాజ్యలక్ష్మమ్మ తల్లి పక్కన కూర్చుని ఫోటో పట్టుకుంది. "నుదుట విభూతి చెదరలేదు. కండ్ల పక్కన ముడతలు. చెవి కమ్మ మెరుస్తాంది. నవ్వుతాండావమ్మా."

"నేనా? నవ్వుతాండానా?" వెంకటేశ్వరమ్మ ఫోటో మీద వేలితో మెల్లగా తడిమింది. "మీ నాయన పోయినంక నా నవ్వు యెట్లుండాదో నేనే చూసుకోలే."

ఆమె ఫోటోను కొంగులో చుట్టి ఒడిలో పెట్టుకుంది.

"ఆ ఆస్పత్రికి మళ్లీ యెప్పుడు రమ్మన్నారప్పా? ఇది చూడల్ల నేను."

గోవిందయ్య అలవాటు కొద్దీ కెమెరా ఎత్తాడు. పొద్దు ఎటు ఉందో చూసుకున్నాడు. అంతా సరిగ్గానే ఉంది గాని, ఎంత తుడుచుకున్నా ఆయన కళ్లకే ఏమీ ఆనలేదు. కెమెరా కూతురి చేతికిచ్చి ఫోన్ దగ్గరకు వెళ్లాడు.