చార్మినార్ రూపాయి, ఒక హాఫ్ టికెట్

పాలమూరుల ఒక ఫంక్షన్ హాల్ల నాణేల ప్రదర్శన పెట్టిండ్రని తెలిసి, ఆదివారం డ్యూటీ మార్పించుకొని మరీ పోయిన. నా పేరు మల్లిక. బస్సు కండక్టర్ను. పొద్దంత చిల్లర సంచిల చెయ్యి ఆడుతనే ఉంటది గదా, ఎప్పుడన్న ఒక వింత బిళ్ల వేలికి తగుల్తది. రాగి అణా, చిల్లు పైస, దుబాయి దిర్హాము... గట్ల పట్టింది నాకు ఈ పిచ్చి. మా ఆయన లింగస్వామి ఎక్కిరిస్తనే ఉంటడు. "పైసలు పెట్టి పైసలే కొంటవు, నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది" అంటడు. అననీ. మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలె, లేకపోతె ఈ బతుకు ఎట్ల గడుస్తది?

మా పూజను గూడ ఎంట తీస్కపోయిన. అప్పటికి దానికి పదేండ్లు. దాని తర్వాత రెండు కాన్పులు నిలవలేదు. నాకున్నది అది ఒక్కతే. నోరు మూయదు, కాలు నిలవదు. "ఐస్‌క్రీం కొనిస్తనంటెనే వస్త" అని బేరం పెట్టి బయలెల్లింది.

హాల్ల నిన్నటి పెండ్లి బగార అన్నం వాసన ఇంకా పోలేదు. పైన ఫ్యాన్లు కిర్రుకిర్రుమని తిరుగుతున్నయ్. వరుసగ టేబుళ్లు, తెల్ల గుడ్డలు, వాటి మీద నిజాం బిళ్లలు, పాత నోట్లు, స్టాంపులు. ఒక పెద్దమనిషి ట్రాక్టర్ బొమ్మున్న అయిదు రూపాయల నోటు పట్టుకొని టేబుల్ మీద గుద్దుతున్నడు. "యూట్యూబ్ల లక్షలు అంటున్నరు, నువ్వు పది ఇస్తనంటవా? నేనేమన్న ఎడ్డోన్నా?" నాకు నవ్వాగలేదు. బయట ముసురు పట్టింది. లోపల లైట్లు పగలే వెలుగుతున్నయ్.

నేను వచ్చిన పని వేరే ఉంది. నా పర్సుల, చిన్న ప్లాస్టిక్ కవర్ల, నేను ఏండ్ల నుంచి దేవులాడుతున్న నిజాం కాలపు చార్మినార్ వెండి రూపాయి ఉంది. రెండు రోజుల కిందనే నా చేతికి వచ్చింది. దాని సంగతి తెలుసుకునేదాక నాకు నిద్ర పట్టేటట్టు లేదు. నిజం చెప్పాల్నంటె ఆ రెండు రాత్రులు గూడ పట్టలే. ఎందుకో తెల్వదు, ఊకె లేసి తలుపు గడియ చూసొచ్చిన.

భువనగిరి నుంచి వచ్చే రఘుపతి సేటు నాకు చానా ఏండ్ల నుంచి తెలుసు. మనిషి ఖరాకండి. అబద్ధం చెప్పడు. రూపాయి తీసి ఆయన ముందల పెట్టిన.

"అబ్బో! దొరికిందా నీకు ఇన్నాళ్లకు?" అనుకుంట నవ్వుకుంటనే అంచులు పట్టుకొని లేపిండు. భూతద్దం పెట్టి ముందటి దిక్కు చూసిండు. తలకాయ ఊపిండు. తిప్పిండు. వెనక దిక్కు చూసిండు.

నవ్వు పోయింది.

"వెనక గీ పసుపు ఏంది మల్లికమ్మా?"

"మురికేమో సేటూ. చింతపండు పెట్టి తోముదామనుకున్న. తోమితె ధర పడిపోతదని ఊకున్న."

ఆయన రూపాయిని మెల్లగ గుడ్డ మీద పెట్టి, వేళ్లు రుమాలుకు తుడ్సుకున్నడు. తుడ్సుకున్నంక గూడ మళ్ల తుడ్సుకున్నడు.

"ఇది నొసటి రూపాయి. నీకు తెల్వనిదా? మన దిక్కు పానం పోయినోళ్లకు స్నానం పోసి, నొసటికి పసుపు పెట్టి, దాని మీద రూపాయి అంటిస్తరు గదా. దారి ఖర్చు అది. వాళ్లతోనే పోవాలె, ఇంటికి రావద్దు. ఎవరి దగ్గర కొన్నవు?"

"కొనలే..." అన్న. "టికెట్ కొట్టిన."

జరిగింది గిది. శుక్రారం పొద్దుమీకి మా ఊరి నైట్ హాల్ట్ బస్సు డ్యూటీ నాదే. దేవరకద్ర దాటి లోపలికి పోవాలె మా ఊరు. రాత్రి బస్సు మా ఊర్లనే ఉంటది, తెల్లారి మళ్ల పాలమూరుకు బయలెల్లుతది. దవాఖాన స్టాపుల ఒక ముసలవ్వ ఎక్కింది. కాళ్లకు చెప్పులు లేవు. తల ఇరబోసుకొని ఉంది, ఎంటికలల్లకెల్లి నీళ్లు కారుతున్నయ్. కొత్త చీర, గంజి గూడ పోలే, మడతలు మడతలట్లనే ఉన్నయ్. మొఖం నిండ పసుపు. నొసట నడుమ మాత్రం బిళ్లంత జాగా గుండ్రంగ పసుపు లేకుండ తెల్లగ ఉంది. పెద్ద బొట్టు ఊడిపోయిందేమో అనుకున్న.

"అవ్వా, ఆధార్ కార్డు చూపియ్యి. ఆడోళ్లకు ఫ్రీ."

"నాకు ఫ్రీ వద్దు బిడ్డా. ఊకె పోతె దారి దొరకదు. పైసలు ఇచ్చే పోవాలె."

బస్సుల ఉన్నోళ్లందరు నవ్విండ్రు. ఫ్రీ ఇస్తమంటె వద్దనే మనిషిని నేను గూడ చూసుడు అదే మొదలు. ఆమె నా అరచేతుల రూపాయి పెట్టింది. సల్లగ ఉంది, ఐసుగడ్డ లెక్క. దాని మీద చార్మినారు కనపడంగనే నా గుండె జల్లుమన్నది. ఇగ ఏమి ఆలోచిస్త?

"ఏడికి అవ్వా?"

"నువ్వు దిగేకాడికి."

"నేను దిగేది లాస్ట్ స్టాపు, మా ఊరు."

"గాడికే. ఒకటి పెద్దది కొట్టు, ఒకటి చిన్నది కొట్టు."

"చిన్నది ఎవరికి?"

"తోడుకు బిడ్డా. ఒక్కదాన్నే పోలేను. తోడు ఆడనే ఎక్కుతది."

ముసలితనం, ఏదో మాట్లాడుతున్నదిలే అనుకున్న. ఒక ఫుల్లు, ఒక హాఫు కొట్టి చేతిల పెట్టిన. నా సొంత పైసలు తీసి సంచిల ఏసిన, లెక్కకు లెక్క సరిపోయింది. అప్పుడే ఎనక సీట్ల ఒకాయన తప్పు ఊరు చెప్పిన, పైసలు వాపస్ ఇయ్యమని కొట్లాటకొచ్చిండు. "ఒకసారి కొట్టిన టికెట్ వాపస్ ఉండదు, తెల్వదా?" అని గట్టిగనే అరిసిన. అవ్వ నా దిక్కు చూసి తలకాయ ఊపింది, మంచి మాట చెప్పినవ్ అన్నట్టు. మా ఊర్ల బస్సు ఆగేటాలకు ఆమె లేదు. నడుమల ఏడనో దిగిందనుకున్న.

ఇదంత విని రఘుపతి సేటు భూతద్దం పక్కకు పెట్టిండు. నా పక్కన ఐస్‌క్రీం నాకుకుంట నిలబడ్డ పూజ దిక్కు చూసిండు. చానా సేపు చూసిండు. నేను పూజను నా ఎనకకు గుంజుకున్న.

ఆయన ముందటికి వంగి గుసగుసగ అన్నడు. "ఆమె రూపాయి ఆమె చేతికే ఇచ్చెయ్యి. టికెట్లు వాపస్ తీస్కో. రెండు. చిన్నది మరిచిపోకు."

"ఆమెను ఏడ దేవులాడాలె సేటూ?"

"ఎందుకు దేవులాడుడు? టికెట్ ఉంది గదా ఆమె దగ్గర."

మళ్ల ఏ టేబుల్ కాడికి పోలే నేను. పూజ రెక్క పట్టుకొని బస్టాండుకు నడిసిన. "నొప్పి పెడ్తాంది అమ్మా, జర మెల్లగ" అంటున్నది బిడ్డ. నాకు ఇనపడ్తెనే గదా.

మా ఊరి బస్సు ప్లాట్‌ఫారం మీద ఉంది. డ్రైవరు మా ఐలేశమన్ననే. ఆ పూట కండక్టరు మంజులత, కొత్త పిల్ల. ముసురుకు అయిదింటికే చీకటైనట్టున్నది. బస్సు ఖాళీగ ఉంది. పూజను డ్రైవర్ ఎనక సీట్ల కిటికీ పక్కకు కూసోబెట్టి, నేను అడ్డంగ కూసున్న. ఎక్కేటోళ్ల మొఖాలు ఒక్కొక్కటి చూసిన. ముసలోళ్లు ఎక్కినప్పుడల్ల పానం గిలగిల కొట్టుకున్నది. ఆమె రాలే. దవాఖాన స్టాపుల గూడ ఎవ్వరు ఎక్కలే. హమ్మయ్య అనుకున్న. ఏం ఫికర్ లేదు, ముసలి సేటు బెదిరిచ్చిండు అంతే అనుకున్న.

దేవరకద్ర దాటినంక జనం దిగిపోయిండ్రు. కిటికీ రేకులు వానకు టపటప కొట్టుకుంటున్నయ్. లైటు ఒకసారి పోతది, ఒకసారి వస్తది. అప్పుడు వచ్చింది వాసన. పసుపు వాసన. తడి మన్ను వాసన. వాటి నడుమల పేలాల వాసన, అప్పుడే ఏంచినట్టు. పేలాలు ఎందుకు సల్లుతరో నాకు తెలుసు. శవం ముందల పైసలు, పేలాలు సల్లుకుంటనే గదా తీస్కపోతరు.

మంజులత ఎనకకెల్లి వచ్చి నా సీటు రాడ్డు పట్టుకొని నిలబడ్డది.

"అక్కా, లాస్ట్ సీట్ల అవ్వకు నువ్వు టికెట్ కొట్టినవట గదా? పాత టికెట్ చూపిస్తాంది. శుక్రారంది. చెల్లదంటె ఇంటలేదు... మల్లికనే అడుగు అంటాంది."

"పూజను చూడు. దీని పక్కకెల్లి లేవకు" అన్న. ఆ పిల్లకు ఏం సమజైందో, ఏమో, కూసున్నది.

నేను లేసిన. ఒక్కొక్క సీటు పట్టుకుంట ఎనకకు పోయిన. లైటు పోయింది. ఆగిన. లైటు వచ్చింది. లాస్ట్ సీట్ల, మూలకు, కొత్త చీర ముసుగు ఏసుకొని కూసోని ఉంది. ఎంటికలల్లకెల్లి నీళ్లు ఇంకా కారుతనే ఉన్నయ్.

కవర్లకెల్లి రూపాయి తీసిన.

"అవ్వా... నీ రూపాయి తీస్కో. నీ కాళ్లు మొక్కుత. టికెట్లు నాకిచ్చెయ్యి."

ఆమె తలకాయ లేపలే.

"కొట్టిన టికెట్ వాపస్ ఉండదంటివి గద బిడ్డా."

"తప్పయింది అవ్వా. నాకున్నది ఒక్కతే బిడ్డ. జర దయ చూడు."

ఆమె చెయ్యి చాపింది. నేను రూపాయి పెట్టిన. ఆ రూపాయిని నొసటికి ఒత్తుకున్నది... అది ఆడనే అంటుకున్నది. ఇంకో చేత్తోని నాకు కాగితం ఇచ్చింది. ఫుల్ టికెట్. ఒక్కటే.

"చిన్నదేది?" అన్న. "అవ్వా, చిన్నదేది?"

"పిల్లకిచ్చిన" అన్నది. "మంచి పిల్ల. దాసుకుంట అన్నది. నాకు తొందర లేదు బిడ్డా."

లైటు పోయింది.

వచ్చేటాలకు సీటు ఖాళీ. తడి ఉంది. తడిల నాలుగు పేలాలున్నయ్. నేను కెవ్వుమని అరిస్తె ఐలేశమన్న సడెన్ బ్రేకు కొట్టిండు. "ఏమైందమ్మా? తలుపు తెరవనే లేదు గదా, ఎవరున్నరు ఆడ?" అని ఆయన అడుగుతనే ఉన్నడు. నేను ముందటికి ఉరికిన. మంజులత పూజ పక్కకెల్లి కదలనే లేదు. పూజ పిడికిలి బిగపట్టుకొని కూసున్నది.

ఇప్పి చూస్తె హాఫ్ టికెట్.

"ఎవరిచ్చిండ్రే ఇది?"

"అవ్వ ఇచ్చింది. నువ్వు ఎనకకు పోయినప్పుడు. పోగొట్టకు అన్నది."

మంజులత నా మొఖం చూసింది. ఎవ్వరు రాలే అక్కా అని సైగ చేసింది.

ఆ టికెట్‌ను చింపలే నేను. కాలవెట్టలే. ఏం చేస్తె ఏమైతదో అని భయం. బిళ్లలు పెట్టుకునే ఆల్బంల, ఒక అరల పెట్టి, పెట్టెల ఏసి తాళం పెట్టిన. మా టికెట్ల మీది అచ్చు ఎక్కువ రోజులు ఉండదు, ఎండ తగిలినా తగలకున్నా తెల్లకాగితం అయితది. ఇది గూడ గట్లనే అయిపోతదిలే అనుకున్న. నెలకొకసారి తీసి చూసిన. అచ్చు నల్లగనే ఉంది.

లింగస్వామి నన్ను నమ్మలే. ఫుల్ టికెట్ చూపించిన, అయినా నమ్మలే. "డ్యూటీల అలిసిపోతున్నవ్" అన్నడు. ఎవరు నమ్మినా నమ్మకున్నా నాకొక ధైర్యం ఉండె. నేను కండక్టర్ను, రూలు నాకు తెలుసు. పన్నెండు నిండితె హాఫ్ టికెట్ చెల్లదు. ఎవ్వరికైనా చెల్లదు. ఆ అవ్వకైనా చెల్లొద్దు. బిడ్డకు పన్నెండు నిండుడే నాకు కావాల్సింది. దసరాలు, ఉగాదులు నేను ఎదురుచూసుకుంట గడిపిన. పోయిన వారమే పన్నెండు నిండినయ్. ఎల్లమ్మ గుడిల కొబ్బరికాయ కొట్టి, ఊరంత మిఠాయి పంచిన. ఏడ్సుకుంట పంచిన.

పూజకు కొత్త యూనిఫాం కుట్టియ్యాలని టైలరు ఎల్లస్వామి దగ్గరికి తీస్కపోయిన. కొలత తీసిండు. పాత చీటి చూసిండు. మళ్ల తీసిండు. "అక్కా, అయిదో తరగతి కొలతనే ఉంది. వేలంత గూడ పెరగలే. దవాఖానకు చూపియ్యరాదు?" అన్నడు.

అందుకే నిన్న పట్నం దవాఖానకు పోదామని లగ్జరీ బస్సు ఎక్కినం. దాంట్ల ఫ్రీ లేదు, పైసలు పెట్టాలె. కండక్టరు నాకు తెల్వని మనిషి. నన్ను చూసిండు, పూజను చూసిండు.

"ఒక ఫుల్లు, ఒక హాఫు" అన్నడు.

"రెండు ఫుల్లు కొట్టు తమ్మీ. దానికి పన్నెండు నిండినయ్."

ఆయన నవ్విండు. "అందరు హాఫ్ కొట్టమని నాతోని కొట్లాడుతరు. నువ్వేందక్కా ఉల్టా మాట్లాడుతున్నవ్? మా బిడ్డకు తొమ్మిదే, ఈమె కంటె పొడుగుంటది. ఊకె పైసలు ఎందుకు దండుగ?"

"తమ్మీ, నీకు దండం పెడ్త, ఫుల్లే కొట్టు" అన్న. బస్సుల అందరు నా దిక్కు చూసిండ్రు. గప్పటికే మిషిను కిర్రుమన్నది.

"కొట్టేసిన అక్కా" అన్నడు. "కొట్టిన టికెట్ వాపస్ ఉండదు, నీకు తెల్వదా?"

పూజ చెయ్యి చాపి ఆ హాఫ్ టికెట్ తీస్కున్నది. మడత పెట్టి పిడికిట్ల దాసుకున్నది. కిటికీ పక్క సీట్లకెల్లి లేసి నా దిక్కు జరిగింది. కిటికీ పక్కన ఒక మనిషి కూసునేటంత జాగా విడిసింది.

"జర జరుగమ్మా" అన్నది.