గోడల్లోంచి నడిచిన ఓడ

ఆ రేవులో మూడో గట్టు మంచిది కాదు. కూలీ నుంచి ఆఫీసరు దాకా ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. చెప్పేముందు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు.

చాలా ఏళ్ళ కిందట, ఊళ్ళన్నీ ఏదో జ్వరానికి వణికిపోతున్న రోజుల్లో, ఒక ఓడ ఆ గట్టుకి వచ్చిందట. నిండా మనుషులు. సగం మందికి ఒళ్ళు కాలిపోతోంది. రేవు డాక్టరు నిచ్చెన ఎక్కి చూసి, కిందికి దిగి, “ఒక్కరు కూడా దిగడానికి వీల్లేదు” అన్నాడట. ఓడ వెనక్కి మళ్ళింది. కొన్నాళ్ళకి ఇంకో ఓడ దాన్ని కట్టి లాక్కొచ్చింది... అప్పటికి అందులో మాట్లాడేవాళ్ళెవరూ లేరు. దాన్ని ముక్కలు ముక్కలు చేసి పాత ఇనుము కింద అమ్మేశారు. దానికో పేరుండేది కానీ ఎవరూ పలకరు. జ్వరం ఓడ అంటారు.

అంతటితో పోతే బాగానే ఉండేది. పోలేదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆ రేవు నిఘా గదిలో పనిచేసేవాడు. ఇది ఆయన చెప్పిందే. మా బావ అబద్ధాలాడడని నేననను. కానీ ఈ సంగతి చెప్పేటప్పుడు కంచంలో ఆయన చెయ్యి ఆగిపోతుంది. మా బావ చెయ్యి కంచంలో ఆగడం మా ఇంట్లో ఇంకెప్పుడూ ఎవరూ చూడలేదు.

నిఘా గదంటే పెద్ద మేడ మీద గది, గోడ నిండా తెరలు. ప్రతి ఓడలోనూ ఒక చిన్న పెట్టె ఉంటుంది. ‘నేను ఫలానా ఓడని, ఫలానా చోట ఉన్నాను’ అని అది కూస్తూనే ఉంటుంది. ఆ కూత తెర మీద చుక్కవుతుంది, పక్కన పేరు పడుతుంది. ఓడ ఉండాల్సిన చోట ఉంటే చుక్క పచ్చగా, ఉండకూడని చోట ఉంటే ఎర్రగా. ఇంతకు మించి చదువేం అక్కర్లేదు.

మా బావ చేరిన కొత్తలోనే ఒక ఘనకార్యం చేశాడు. పేరు చెప్పని పడవొకటి దూసుకొస్తోందని సైరన్ మోగించి, రేవంతా నిద్రలేపి, తుపాకులవాళ్ళని పరుగెత్తించాడు. తీరా చూస్తే అందులో ఉన్నది పెద్దాఫీసరుగారి అత్తగారు. “ఇంకొక్కసారి ఉత్తుత్తి సైరన్ మోగిందో, నువ్వు ఇంటికే” అన్నాడు పెద్దాఫీసరు. అప్పటికి మా అక్కకి నెలలు నిండుతున్నాయి. ఆ ఉద్యోగం పోతే వాళ్ళిల్లు ఎలా గడుస్తుందో మాకెవరికీ తెలీదు.

ఒక రాత్రి డ్యూటీ దిగిపోతున్న సీనియరు ఒక తువ్వాలు తెచ్చి మా బావ చేతిలో పెట్టాడు.

“ఎందుకండీ?”

“మూడో గట్టు తెర మీద కప్పడానికి.”

“తెర మీద తువ్వాలు కప్పితే ఇంక నిఘా ఏముందండీ?”

“అది వచ్చినప్పుడు కప్పు. పోయాక తీసెయ్. అందరం అదే చేస్తున్నాం.” గుమ్మం దాటబోతూ గొంతు తగ్గించాడు. “పేరు మాత్రం చదవకు.”

చదవకు అంటే చదవకుండా ఉండే మనిషా మా బావ?

అర్ధరాత్రి దాటాక వచ్చింది. పేరు చదివేశాడు. ఎవరూ పలకని ఆ పేరే. జ్వరం ఓడ! ఎప్పుడో ముక్కలై, ఎవరింటి కిటికీ ఊచలుగానో మారిపోయిన ఓడ... ఎర్ర చుక్కై, మెల్లగా వస్తోంది.

సముద్రంలోంచి కాదు. ఊళ్ళోంచి!

మందుల దుకాణం వీధిలోంచి వచ్చింది. మలుపు దగ్గర కాసేపాగింది, రోడ్డు దాటేవాళ్ళు అటూ ఇటూ చూసుకున్నట్టు. తర్వాత కస్టమ్స్ ఆఫీసు గోడలోంచి లోపలికి దూరి, అవతలి గోడలోంచి బయటికొచ్చింది. వేగం చూస్తే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ నడక.

సైరన్ మీట మీద వేలు పెట్టాడు. పెట్టి, పెద్దాఫీసరుతో ఏమని చెప్పాలా అని ఆలోచించాడు. అయ్యా, చచ్చిపోయిన ఓడొకటి కస్టమ్స్ ఆఫీసులో దూరింది... వేలు తీసేశాడు. నిజంగా ఏదైనా జరిగి, మోగించలేదని తేలినా ఉద్యోగం ఊడుతుంది. మళ్ళీ పెట్టాడు. మా అక్క గుర్తొచ్చింది. చివరికి తువ్వాలే కప్పాడు.

కప్పిన తువ్వాల్లోంచి కూడా ఎర్రగా వెలుగుతోంది...

కాసేపటికి ఆ ఎరుపు తగ్గింది. తువ్వాలు కొస ఎత్తి చూశాడు. చుక్క మూడో గట్టు మీదికి చేరింది. నీళ్ళకి దగ్గరయ్యే కొద్దీ పచ్చబడుతోంది. పక్కన అక్షరాలు పడ్డాయి: ‘అంతా సవ్యం.’

“హమ్మయ్య! ఓడన్నాక నీళ్ళలోకి పోవాల్సిందేగా. పో తల్లీ, పో” అని తెరకి దణ్ణం పెట్టాడు.

అప్పుడు మోగింది ఫోను.

ఆడగొంతు. రొప్పుతోంది. “సార్... మా నాన్నగారు ఎక్కడున్నారో కాస్త చూసి చెప్తారా?”

“ఇది ఓడల ఆఫీసమ్మా. మనుషుల సంగతి...”

“తెలుసండీ. ఓడ తప్పిపోతే వెతుకుతాం, మనిషి తప్పిపోతే మాకు సంబంధం లేదని మీ ఆఫీసులోనే చెప్పారు. అందుకే మా నాన్నగారి సంచిలో ఓడ పెట్టె పెట్టాను.”

మా బావ తువ్వాలు పూర్తిగా లాగేశాడు.

“ఆయన అప్పట్లో రేవు డాక్టరండీ. ఆ ఓడని ఇనుము కింద అమ్ముతుంటే, ఆ పెట్టె ఒక్కటీ తెచ్చి మంచం కింద పెట్టుకున్నారు. పాతది కదా, నాలుగడుగులు అటూ ఇటూ చూపిస్తుంది. ఇప్పుడాయనకి మతి నిలవడం లేదు. రాత్రయితే తలుపు తీసుకుని వెళ్ళిపోతారు. ఎప్పుడూ దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చేసేదాన్ని. ఇవాళ నాకు కళ్ళంటుకున్నాయి...” ఏడుస్తోంది. “వస్తున్నానండీ, ఈలోపు మీరైనా చూడండి. కనిపిస్తున్నారా?”

మా బావ తెర వైపు చూశాడు. చుక్క పచ్చగా నిగనిగలాడుతోంది. అంతా సవ్యం. ఇంకాస్త సవ్యమైతే ముసలాయన సముద్రంలో ఉంటాడు.

మెట్లు దిగాడో దూకాడో ఆయనకే తెలీదు. సైరన్ మోగించలేదు, ఆ మోతకి ముసలాయన ఉలిక్కిపడితే ప్రమాదమని. నిఘా గది ఖాళీగా వదిలిపెట్టడమంటే ఉద్యోగం వదిలిపెట్టడమే. అది తెలిసే పరుగెత్తాడు. ఆ ఒక్క పరుగుకి నేను మా బావ మిగతా కోతలన్నీ క్షమించేశాను.

గట్టు చివర నిలబడి ఉన్నాడు ముసలాయన. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో థర్మామీటరు. కాలివేళ్ళు గట్టు దాటిపోయాయి. చీకట్లో నీళ్ళ వైపు చూస్తూ గుసగుసగా పిలుస్తున్నాడు.

“దిగండి... ఆవేళ నేను తప్పు చేశాను. దిగండి బాబూ... దిగండమ్మా...”

మా బావ పిల్లిలా దగ్గరికి వెళ్ళాడు. “డాక్టరుగారూ... నేను దిగానండీ.”

ముసలాయన గిర్రున తిరిగాడు. నాడి పట్టుకున్నాడు. థర్మామీటరు నోట్లో పెట్టి, తీసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

“జ్వరం లేదయ్యా నీకు! మిగతావాళ్ళేరీ?”

ముందు ఆయన్ని అక్కణ్ణించి కదిలించాలి. మా బావ నోటికొచ్చింది అనేశాడు. “వెనకే వస్తున్నారండీ. మీరు ముందు నడవండి.”

ముసలాయన మొహం విప్పారింది. “రండి, తోసుకోకండి... పిల్లల్ని ముందు పంపండి” అని వెనక్కి చెబుతూ నడిచాడు. సంచి మోస్తూ మా బావ కూడా మర్యాదకి “రండి, రండి” అన్నాడు.

గట్టు దాటే చోట గేటు. గేటుకి ఆరోగ్యశాఖవాళ్ళ యంత్రం. మనిషి దాటితే చాలు, ఒంటి వేడి చూసి ఆడగొంతుతో తీర్పు చెబుతుంది.

ముసలాయన దాటాడు. “జ్వరం లేదు. వెళ్ళవచ్చు.”

మా బావ దాటాడు. “జ్వరం లేదు. వెళ్ళవచ్చు.”

కూతురు ఎదురు పరుగెత్తుకొచ్చి తండ్రిని గట్టిగా పట్టుకుంది. మా బావ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

వెనక, ఖాళీ గేటు దగ్గర —

“జ్వరం లేదు. వెళ్ళవచ్చు.”

ముగ్గురూ కదల్లేదు.

“జ్వరం లేదు. వెళ్ళవచ్చు... జ్వరం లేదు. వెళ్ళవచ్చు... జ్వరం లేదు...”

మా బావ వెనక్కి చూడలేదు. చూడకుండానే రెండడుగులు పక్కకి జరిగి దారిచ్చాడు.

గది ఖాళీగా ఉందని ఎవరో చెబితే, వదిలేసినవాణ్ణి అక్కడికక్కడే పీకేద్దామని పెద్దాఫీసరు నిద్రబట్టలతోనే ఊడిపడ్డాడు. “ఎవడ్రా...” అని నోరు తెరిచి, గేటు దగ్గర ఆగిపోయాడు. కాసేపు విన్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే వచ్చి మా బావ పక్కన, ఆయనా దారిచ్చి నిలబడ్డాడు. ఉద్యోగం మాట ఆ రాత్రీ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

ముసలాయన ఒక్కడే అటు చూస్తున్నాడు. గేటు పలికినప్పుడల్లా తల ఊపుతున్నాడు, ఒకోసారి చిన్నపిల్లల తల నిమిరినట్టు చెయ్యి కిందికి చాపుతున్నాడు.

తెల్లారుతుండగా యంత్రం ఆగింది.

ముసలాయన థర్మామీటరు విదిలించి జేబులో పెట్టుకున్నాడు. “అందరూ దిగారమ్మా” అన్నాడు కూతురితో. “ఇంక ఇంటికి పోదాం.”